తోడల్లుళ్ల ఉపగ్రహాలు

పెద్దల్లుడికి రెండు జబ్బులు. తను ఎప్పుడూ కరెక్టేననుకోవడం ఒకటి, తోడల్లుడు ఎప్పుడూ తప్పేననుకోవడం రెండోది. ఖర్మకాలి ఇద్దరిదీ ఒకే ఆఫీసు. అంతరిక్షంలో రెండు నౌకలను ఒకదానికొకటి అతికించే పనిలో, వెనక వచ్చే నౌక ఎక్కడుందో చెప్పేది ఇతను, ముందున్న నౌక సంగతి చూసేది చిన్నల్లుడు. ఇద్దరి గదులకూ మధ్య ఓ అద్దం గోడ. అది లేకపోయినా మాట్లాడుకునేవాళ్లు కాదు.

నౌకల్లోనూ మన ఫోన్లలో ఉన్నట్టే, ఉపగ్రహాలను చూసి ఎక్కడున్నదీ చెప్పే జీపీఎస్ ఉంటుంది. అదీ కొన్ని మీటర్లు తప్పు చెబుతుంది. అయితే రెండు నౌకలూ ఒకే ఉపగ్రహాలను చూస్తే రెండింటి లెక్కల్లోనూ ఇంచుమించు ఒకే తప్పు దొర్లుతుంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే తప్పు ఎగిరిపోయి, మధ్య దూరం నికరంగా మిగులుతుంది. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేది పెద్దల్లుడే, గొంతు సవరించుకుని మరీ.

అంతటి మహానుభావుడూ, తీరా నౌకలను కలిపే రోజున, తోడల్లుడికంటే తన లెక్క మెరుగ్గా కనబడాలని మంచి ఉపగ్రహాలను తనకోసం ఏరుకున్నాడు. అవతల ఆయనగారేమైనా తక్కువ తిన్నాడా? తనకు నచ్చినవి తనూ ఏరుకున్నాడు. విడివిడిగా ఇద్దరి లెక్కలూ ముద్దొచ్చాయి. తీసివేసేసరికి మధ్య దూరం పిచ్చిపట్టినట్టు ఊగింది. వెనక నౌక దానంతటదే ఆగి, దూరం జరిగిపోయింది. ఇంధనం ఇంకొక్క ప్రయత్నానికే ఉంది. అదీ తప్పితే ఏళ్ల శ్రమ మట్టిపాలే.

తప్పు ఎక్కడ జరిగిందో పెద్దల్లుడికి అర్థమైపోయింది. అద్దం అవతలికి వెళ్లి అడగొచ్చు కదా? పరువు పోదూ! భార్యకు ఫోన్ చేశాడు.

"మీ చెల్లెల్ని కనుక్కో, వాళ్లాయన ఏ ఉపగ్రహాలు పెట్టుకున్నాడో."

"ఎదురుగా ఉన్న మనిషిని అడగడానికి నోరు పడిపోయిందా?" అంటూనే ఆవిడ చెల్లెలికి చేసింది. చెల్లెలు మొగుడికి చేసింది. అద్దం అవతల ఫోన్ మోగడం పెద్దల్లుడు కళ్లారా చూసి తల తిప్పుకున్నాడు.

"ఇద్దరికీ కనబడేవే పెట్టుకుని చావండి," అని అక్కాచెల్లెళ్లు తీర్పు చెప్పారు.

నౌకలు కలిశాయి. చప్పట్లు ఆగకముందే పెద్దల్లుడు పై అధికారి దగ్గరకు వెళ్లి, అద్దం అవతలికీ వినబడేలా అడిగాడు. "చివరికి ఎవరి లెక్క కరెక్టు మేడమ్?"

"ఇద్దరిదీ తప్పే. ఒకే తప్పు. అందుకే అతుక్కున్నాయి," అందావిడ.

ఆ సాయంత్రం తోడల్లుళ్లిద్దరూ ఎవరింటికి వాళ్లు వెళ్లి, భార్యల ముందు ఒకే మాట అన్నారు.

"ఆవిడకేం తెలుసు?"