బండికి ముందు గంగి

పోస్టింగులో దిగిన పూటే గేటు దగ్గర సెంట్రీ నాకు జ్ఞానబోధ చేశాడు. "డాక్టర్ సాబ్, గీడ చెట్టును గూడ నమ్మకుండ్రి."

నేను డాక్టర్ని కాను, మెడికల్ అసిస్టెంట్‌ని. మా ఫోర్సులో సూది పట్టినవాడల్లా డాక్టర్ సాబే. ముదిగొండ దగ్గర మిర్చి పండించే ఇంట్లో పుట్టాను. బూర్గంపాడు మీదుగా గోదావరి బ్రిడ్జి దాటి, భద్రాచలం వదిలి, తారు రోడ్డు నుంచి పక్కకు తిరిగితే కిలోమీటరు పైచిలుకు మట్టిబాట. దాని చివర మా క్యాంపు. ముళ్ళకంచె, ఇసుక బస్తాలు, రేకుల షెడ్లు. నాకిచ్చిన గదిలో రెండు మంచాలు, ఒక ఆక్సిజన్ సిలిండరు, సెలైన్ డబ్బాలు. "సొంతూరి పక్కనేగా, అదృష్టం" అంది మా ఆవిడ ఫోనులో. అదృష్టమట! మంచినీళ్ళు కూడా వాసన చూసి తాగేవాళ్ళం.

ఆ మట్టిబాటే మాకు గండం. ముందు రోడ్ పార్టీ నడుచుకుంటూ వెళ్ళి, నక్సలైట్ల మందుపాతర లేదని తేల్చాకే బండి కదలాలి. అది రూలు. మేము రాకముందు ఆ రూలు తప్పిన బండి ఒకటుంది. దాని సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

ఇప్పపూలు రాలే రోజులు. పొద్దు బాగా ఎక్కింది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. వాకీటాకీలో టవర్ మీది జవాను గొంతు వినిపించింది.

"జనం వస్తున్రు. మంచాలు మోసుకొస్తున్రు. ఓవర్."

"మంచాల మీద ఏమున్నది? ఓవర్."

"మనుషులే అనుకుంట. కప్పి ఉన్నది. ఓవర్."

కప్పి ఉన్నది అన్న మాటకే తుపాకులన్నీ లేచాయి.

మూడు మంచాలు. గేటుకు దూరంగా దింపించి, గుడ్డలు తీయమన్నారు. కాలిన వాసన గుప్పుమంది. మొదటి మంచం మీద ముసలమ్మ, అయ్యో అయ్యో అని ఒకటే అరుపు. రెండో దాని మీద నడివయసు మనిషి, మమ్మల్నీ దేవుణ్ణీ కలిపి తిడుతున్నాడు. మూడో మంచం మీద ముసలమ్మ కొడుకు జోగయ్య. ముప్పై ఏళ్ళుంటాయి. మాట లేదు, మూలుగు లేదు, కళ్ళు మాత్రం తెరిచి చూస్తున్నాడు. పక్కన అతని భార్య గంగి.

కంపెనీ కమాండర్ సాబ్ ఉత్తరాది మనిషి. నా చెవి దగ్గర హిందీలో అన్నాడు: "మూడోవాణ్ణి చూడు. అంత కాలినా నోరు విప్పడం లేదు. ట్రైనింగ్ అయినవాడే. బాంబు చేస్తుంటే పేలింది."

నాకూ ఆ అనుమానమే వచ్చింది, దాచడం దేనికి? కానీ మా పనిలో ఇంకో అనుమానం ముందు నేర్పుతారు. చాలామంది కాలి వచ్చినప్పుడు అరిచేవాడి దగ్గరికి కాళ్ళు వాటంతటవే పరుగెడతాయి. పోకూడదు. అరిచేవాడికి ఊపిరి ఉన్నట్టే. నోరు లేనివాణ్ణి ముందు చూడాలి.

ముసలమ్మ కాళ్ళ మీద నీళ్ళు పోస్తూనే ఉండమని వంటవాడికి పురమాయించాను. "ఐస్ తేవాల్నా సాబ్?" అన్నాడు.

"ఐస్ పెడితే నీ వీపు పగుల్తది. ఉత్త నీళ్ళు పొయ్యి!"

వాపు రాకముందే రెండో మనిషి కాలి కడియం ఊడదీయించాను. జోగయ్య పక్కన కూర్చున్నాను. వీపూ చేతులూ కాలాయి. తెల్లగా తోలులా మారినచోట ముట్టుకున్నా అతనికి తెలియడం లేదు. అంత లోతున కాలితే నొప్పి కూడా చచ్చిపోతుంది. ముక్కులో వెంట్రుకలు మాడిపోయాయి. నోట్లో మసి. ఊపిరి పీలిస్తే గొంతులో కూత.

"పొద్దుగాల మాట్లాడిండా?" గంగిని అడిగాను.

"అవ్. నీళ్ళడిగిండు. గొంతు బొంగురువోయింది. మల్ల మాట్లాడలే."

గొంతు లోపల కాలింది. వాచిపోతోంది. అది పూర్తిగా మూసుకోకముందే భద్రాచలం దవాఖానాలో గొట్టం వేయించాలి. నా దగ్గర ఆ గొట్టమూ లేదు, వేసే విద్యా లేదు. కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, సెలైన్ ఎక్కించి, శుభ్రమైన గుడ్డ కప్పాను.

"ఎట్ల కాలింది?"

గంగి నా నడుముకున్న పిస్టల్ చూసి మూతి బిగించింది. ముసలమ్మే ఏడుస్తూ చెప్పింది. "ఇప్పచెట్టు కింద ఆకు కాల్చినం బిడ్డా. గాలి తిరిగింది. మంట వెదుర్లల్ల పడ్డది. నన్ను గుంజుకరానీకి వీడు మంటల్లకు ఉరికిండు."

రాలిన పువ్వు కనబడాలని చెట్టు కింది ఎండుటాకు తగలబెడతారు. ఏటేటా చేసే పనే. ఫారెస్టు వాళ్ళు కేసు పెడతారని బయట చెప్పరు.

"సాబ్, బాంబు కాదు" అన్నాను. "అదైతే ఒంట్లో ఇనుప ముక్కలుండాలి. మిగతా ఇద్దరికీ కాళ్ళే కాలాయి. ఇది నేలమంట."

"మంట నిజమే కావచ్చు. మంటను చూసి మన బండి బయటికొస్తుందని బాట మీద కాచుకున్నవాడు కూడా నిజమే కావచ్చు. రోడ్ పార్టీ వచ్చేదాకా బండి కదలదు."

పార్టీ పొద్దున్నే అవతలి వైపు వెళ్ళింది. సిగ్నల్ ఆపరేటర్ వైర్‌లెస్ సెట్లో కనుక్కుని నా వైపు తల అడ్డంగా ఊపాడు. "మధ్యాహ్నం దాటుతదంట అన్నా."

జోగయ్యకు మధ్యాహ్నం దాకా టైము లేదు.

బండి మాట వినగానే గంగి మంచం కోడు పట్టుకుంది. "ఎక్కియ్యం. మా తమ్మున్ని గిట్లనే దవాఖానా అని చెప్పి తీస్కపోయిండ్రు. రెండేండ్లకు జైలు నుంచి వచ్చిండు. మేమే మోసుకపోతం."

"మోసుకపోతే తొవ్వలనే పానం పోతదమ్మా!"

అటు సాబ్ నమ్మడు, ఇటు గంగి నమ్మదు. నడుమ జోగయ్య గొంతులో కూత సన్నబడుతోంది. నాకు ఒళ్ళు మండింది. "మీ అనుమానాలు సల్లగుండ! మనిషి పోతున్నడు!" అని ఆఫీసర్ ముందే అరిచాను. నా నౌకరీ మొత్తంలో ఆ ఒక్కసారే.

గంగి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "తొవ్వ మీదనా మీ భయం? ముందల నేను నడుస్త. ఏమన్న ఉంటే నేనే పోత. బండి నా ఎనకనే రావాలె. వేరే దిక్కు తిప్పితే టైరు కింద పడుకుంట. సూదాయన తుపాకి ఇడిచిపెట్టి ఎక్కాలె."

నేను హిందీలో చెప్పాను. సాబ్ ఆమె మొహంలోకి చూశాడు. కుట్రే అయితే ఆ బాట మీద కాలు పెట్టదని ఆయన లెక్క. "సరే" అన్నాడు. నేను పిస్టల్ తీసి ఆయన చేతికిచ్చాను. "ఆడమనిషిని ముందల నడిపిచ్చి బండి తోలుడు ఏం బతుకురా" అని డ్రైవర్ గొణిగాడు. అయినా స్టార్ట్ చేశాడు.

ముగ్గురినీ ఎక్కించాం. గంగి ముందు, బండి వెనక. జోగయ్య ఊపిరి లెక్కపెడుతూ, బండి ముందద్దంలోంచి ఆమెను చూస్తూ కూర్చున్నాను. ఏ క్షణాన నేల లేస్తుందోనని ఆ లెక్క తప్పుతూనే ఉంది. తారు రోడ్డు రాగానే ఆమె ఎక్కి, జోగయ్య ఛాతీ మీద చెయ్యి పెట్టింది. భద్రాచలం దాకా తీయలేదు.

దవాఖానాలో డాక్టర్ సన్న గొట్టం వేశాడు. "అది కూడా కష్టంగానే దూరింది" అన్నాడు. ముగ్గురూ బతికారు. జోగయ్య గొంతు మాత్రం బొంగురుగానే మిగిలిపోయింది.

గంగి నాకు దండం పెట్టలేదు. "జైలుకు పంపరు గదా?" అని అడిగింది. పంపరన్నాను. నమ్మినట్టు లేదు. వార్డు తలుపుకు అడ్డంగా చాప వేసుకుని కూర్చుంది.

ఆ పోస్టింగు అయిపోయింది. నౌకరీ కూడా అయిపోయి ముదిగొండలో మిర్చి చూసుకుంటున్నాను. కల్లం దగ్గర జనం అడుగుతారు, అడవిలో ఏం చూసినవ్ అని. ఏం చెప్పను? నాకు గుర్తొచ్చేది ఆ అద్దమే. మందుపాతర ఉంటే ఆ బాటలోనే ఉండాలి. గంగి ఆ బాటను ఒక్కసారి కూడా చూడలేదు. చెప్పుల్లేని కాళ్ళతో, తారు రోడ్డు దాకా, మా వైపు తిరిగి, మా మొహాలు చూస్తూ, వెనక్కే నడిచింది.