మా పెద్దమ్మ పులుసు పెట్టిన స్టీలు మిషను

మొన్న మంగళవారం మా కోడలి గిన్నెలు కడిగే మిషను ఆగిపోయింది. కొని మూడేళ్ళు కాలేదు. నెల్లూరు నుంచి కంపెనీ మనిషి వచ్చి, వెనకాల రేకు విప్పి, సెల్‌ఫోను లైటు వేసి చూసి, బోర్డు పోయిందమ్మా, ఈ మోడలుకి బోర్డులు రావడం మానేశాయి, బాగుచేసే బదులు కొత్తది కొనుక్కోవడం మేలని, కాఫీ తాగారా అని అడిగినంత తేలిగ్గా చెప్పి వెళ్ళిపోయాడు. కోడలు దిగాలుగా సింకు ముందు నిలబడితే నేను పక్కన చేరి, ఆమె కడిగినవి తుడుస్తూ, యాభై ఏళ్ళ కిందటి ఇంకో మిషను గురించి చెప్పడం మొదలుపెట్టాను. పాపం, వింటున్నట్టే తల ఊపింది. మీరైతే నిజంగా వింటారని ఇక్కడ రాస్తున్నాను.

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే మా ఊళ్ళో, క్రైస్తవుల ఆసుపత్రి ఒకటుంది. దాని వంటశాల స్టోరు తాళాలు నా చేతికొచ్చేనాటికి నాకు ఇరవై ఏళ్ళు. ఆ ఉద్యోగం ఇప్పించింది మా పెద్దమ్మే. పెద్దనాయన పోయాక ఆమె అదే వంటశాలలో అంట్లు తోమి ఇద్దరు బిడ్డల్ని చదివించుకుంది. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఉప్పునీళ్ళు, బూడిద, కొబ్బరిపీచు. వేళ్ళ సందులు నాని, చిట్లి, అన్నం కలుపుకుంటే మంట పుట్టి చెంచాతో తినేది. ఇంకొక్క సంవత్సరం ఇట్లాగే నీళ్ళలో నానితే ఈ వేళ్ళు వంగవని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. అంట్లు తోమకపోతే పెద్దమ్మకు అక్కడ వేరే పని లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ మిషను వచ్చింది. పై దేశంలో ఏదో ఆసుపత్రి వాళ్ళు ఏళ్ళ తరబడి వాడుకుని, కొత్తది కొనుక్కున్నాక పాతదాన్ని మాకు దానంగా పంపారు. ఓడలో మద్రాసుకీ, అక్కడి నుంచి లారీలో మా ఊరికీ వచ్చింది. చెక్కపెట్టె మేకులు పీకి గడ్డి తీసేసరికి వంటశాలంతా వెలుగు పడింది. బీరువా అంత ఎత్తు, నాలుగు పక్కలా మందపాటి స్టీలు. మూత పైకెత్తడానికి ఒక పిడి, తిప్పడానికి రెండు మరలు, అంతే. బియ్యం చెరిగే వాళ్ళు చేటలు పక్కన పెట్టి వచ్చి, ఆ స్టీలులో మొహాలు చూసుకుని కొంగులు సర్దుకున్నారు. నాకైతే చర్చిలో నిలబడినట్టు అనిపించింది. సముద్రపు గాలికి మా ఊళ్ళో ఇనుమన్నది నిలవదు, కిటికీ ఊచలు గిల్లితే పొరలుగా ఊడొచ్చేవి, కొత్త సైకిలు రెండు వానాకాలాలు దాటితే గొప్ప. అట్లాంటి చోటికి, అప్పటికే ఒక జన్మ పనిచేసి, సముద్రం దాటి వచ్చిన ఆ మిషను మీద గోరంత తుప్పు లేదు.

పెద్దమ్మతోపాటు అంట్లు తోమే మిగతా ఇద్దరు ఆడవాళ్ళని వార్డుల పనికి మార్చి, మిషను చూసుకునే పని పెద్దమ్మకిచ్చింది మేట్రనమ్మ. చెయ్యి తడవకూడదు, కంచాలు పేర్చాలి, మూత వెయ్యాలి, మర తిప్పాలి. నాలుగు నెలల్లో వేళ్ళ సందుల్లో కొత్త చర్మం వచ్చింది. ఒక ఆదివారం ఇంట్లో చేత్తో పులుసన్నం కలుపుకుని తిని, చెయ్యి నాకు చూపించి నవ్వింది.

అయితే పెద్దమ్మకి మిషను మీద ఒక అనుమానం పోలేదు. మనిషి చెయ్యి తగలకుండా ఎంగిలి ఎట్లా పోతుంది? నీళ్ళు ముట్టొద్దన్నారు గనక, పొయ్యిలోంచి పొడి బూడిద తెచ్చుకుని, ప్రతి కంచాన్నీ పీచుతో ఒకసారి రుద్ది, ఆ బూడిదతోనే మిషనులో పెట్టేది. నేను స్టోరు గుమ్మంలోంచి రోజూ చూసేదాన్ని. చెప్పొద్దూ, నాకూ అది సబబుగానే తోచింది.

ఒక పొద్దున మిషను గుర్రుమన్నది గానీ నీళ్ళు చిమ్మలేదు. కంచాలు మెతుకులతోనే బయటికొచ్చాయి. మేట్రనమ్మ నన్ను పిలిచి ఏం జరిగిందని అడిగింది. మద్రాసు నుంచి మనిషి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు, అందాకా అంట్లు తోమే పాత తొట్టి దగ్గరికి వేరేవాళ్ళని పెట్టుకోవాలని కూడా అన్నది. అంటే పెద్దమ్మ ఇంటికి పోవాల్సిందే. నేను నాకేం తెలియదన్నట్టు నేల చూశాను. అంత పిరికిపని మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదనుకుంటాను. నా వెనక నుంచి పెద్దమ్మ వచ్చి నిలబడింది.

"బూడిద పూసింది నేనేమ్మా. చెయ్యి తగలందే ఎంగిలి పోదనుకున్నా. ఈ ఒక్క పొద్దు నాకియ్యండి, నేనే చూస్తా."

మేట్రనమ్మ సాయంత్రం దాకా గడువిచ్చింది.

లోపల నీళ్ళు చిమ్మే గొట్టాలు రెండు, ఫ్యాను రెక్కల్లా తిరిగేవి. చేత్తో మర విప్పితే ఊడొచ్చాయి, పానా కూడా అక్కర్లేకపోయింది. ఎవరో దూరదేశపు మనిషి, మా పెద్దమ్మలాంటి మనిషి విప్పుకోవాల్సి వస్తుందని ముందే తలచి చేసినట్టుంది. గొట్టాల చిల్లులన్నిట్లో బూడిదా, మా నీళ్ళ సున్నమూ కలిసి గచ్చులా గట్టిపడింది. నీళ్ళు కాచే కాగు అడుగున పట్టే సున్నం చింతపండుకి తప్ప దేనికీ లొంగదని పెద్దమ్మకు తెలుసు. తాళాలు నా దగ్గరే ఉన్నాయి గనక పాత చింతపండు తీసిచ్చాను. డేగిశా నిండా పులుసు కాచి అందులో గొట్టాలు ముంచాము. ఆమె చెయ్యి పెట్టబోతే ఆపి నేను పెట్టాను. సూదితో ఒక్కొక్క చిల్లూ పొడుస్తూ మధ్యాహ్నమంతా కూర్చుంటే, గోళ్ళ చుట్టూ చర్మం చీరుకుపోయి ఆ పులుపుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పద్దెనిమిదేళ్ళు ఆమె చేతులు పడ్డ బాధ నాకు ఒక్క పూటలో తెలిసింది.

సాయంత్రం గొట్టాలు బిగించి, మిగిలిన పులుసు లోపల పోసి ఒకసారి తిప్పి, తర్వాత కంచాలు పెట్టాము. లోపల వాన మొదలైన చప్పుడు వినపడగానే పెద్దమ్మ మూత మీద అరచెయ్యి ఆనించి, అది ఆగేదాకా తియ్యలేదు. ఆవిరిలోంచి ఒక కంచం తీసి, బొటనవేలితో అంచు చుట్టూ రాసి, "నా చెయ్యికంటే మేలుగా తోమిందే పాపా," అన్నది. ఆ రోజు నుంచి బూడిద ముట్టలేదు. నెలకొకసారి మాత్రం మిషనుకి పులుసు పెట్టేది, పసిబిడ్డకి తలంటినంత శ్రద్ధగా. ఆమె పనిచేసినన్నాళ్ళూ అది మళ్ళీ ఆగలేదు. ఆమె పోయి పెట్టెలో పడుకున్నప్పుడు మడిచిన చేతుల వైపే చూశాను, వేళ్ళ సందులు నున్నగా ఉన్నాయి.

కోడలి మిషను పోయిన మర్నాడు మనసాగక ఆ ఊరికి పోయాను. వంటశాల కిటికీలు ఎన్నిసార్లు మార్చారో, తలుపులు కొత్తవి, పొయ్యిలు గ్యాసువి. మూలన అదే స్టీలు, అదే పిడి, అదే వాన చప్పుడు. ఇప్పటి వస్తువులకి తెలివి ఎక్కువే, విప్పి చూసుకుందామంటే మాత్రం మనిషికి చెయ్యి పెట్టే చోటుండదు. అక్కడ పనిచేసే అమ్మాయి పక్కన గిన్నెలో చింతపండు నానుతోంది. ఎందుకని అడిగితే, నెలకొకసారి మిషనులో పోస్తామని చెప్పింది. ఎవరు నేర్పారమ్మా అన్నాను.

ఎవరూ నేర్పలేదంట. మిషనుతోపాటు ఆ దేశం నుంచి వచ్చిన పద్ధతంట.

కాదమ్మా, అది మా పెద్దమ్మ పద్ధతి అన్నాను. ఆమె అట్లాగా అని నవ్వి, మూత దించి, దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.