కోళ్లను పిలిచే అవ్వ

పక్కింటి అవ్వ చనిపోయిన సంగతి నాకు పాలకోడు టమాటా మార్కెట్లో తెలిసింది. పెట్టెలు దించుతుండగా నా భార్య ఫోన్ చేసింది. "అవ్వ పోయినాది. కోళ్లకు గింజలు వేస్తా వేస్తానే కూలబడిపోయినాది. వచ్చేయి." బస్సు దిగి ఇల్లు చేరేసరికి అవ్వను పందిరి కింద పడుకోబెట్టారు. ఇంటినిండా జనం. కోళ్లు మాత్రం మా వాకిట్లో ఉన్నాయి.

మాకు స్నేహం కుదిరింది ఆ కోళ్ల వల్లే. అంతకుముందు తగవే. పెరట్లో కొత్తిమీర చల్లితే అవి వచ్చి గీరిపోసేవి. ఒకరోజు కోపం ఆగక రాయి విసిరాను. అవ్వ కంచె అవతలి నుంచి చూసింది.

"యాలప్పా రాయి వేస్తావు? ఇది నీ తావని దానికి పట్టా చిట్టా చూపించినావా?"

"నీ కోళ్లను నువ్వు కట్టేసుకో అవ్వా."

"కట్టేసేదానికి అదేమన్నా ఆవా? సావాసం చేసుకో, చెప్పినట్టు వింటాది."

అంతటితో ఊరుకోలేదు. తానే ముళ్లకంప తెచ్చి నా కొత్తిమీర మడి మీద కప్పింది. తర్వాత నా చేతిలో గుప్పెడు రాగులు పోసి నేల మీద కూర్చోమంది. నిలబడిన మనిషిని కోడి నమ్మదట. దాని వైపు చూడకూడదట. గింజలు వేసి వేరే పని చూసుకుంటున్నట్టు ఉండాలట. నాకు నవ్వొచ్చింది, కానీ కూర్చున్నాను. మొదట్లో గింజలు బారెడు దూరంలో పడితేనే వచ్చేవి. కొన్ని వారాలు గడిచాక ఒక ఎర్రపెట్ట నా అరచేతిలో పొడిచింది. అవ్వ నేర్పిన "బా బ్బా బ్బా" అనే పిలుపు నాకూ అలవాటైంది.

అవి మా గడ్డివామిలో గుడ్లు పెడితే తీసుకెళ్లి ఇచ్చేవాణ్ణి. "నీ తావులో పెట్టినాది, నువ్వు తిను," అని వెనక్కి పంపేది. పొదగడానికి కావలసినప్పుడు మాత్రం మొహమాటం లేకుండా అడిగేది.

అవ్వకు కోళ్ల మీద ముద్దు ఏమీ లేదు. అమ్మేది, కోసి వండేది. కానీ ఎన్నడూ పిలిచి పట్టలేదు. పొద్దుగూకి అవి గంప కిందకు చేరాక చేయి పెట్టి తీసేది. ఒకసారి అల్లుడు మధ్యాహ్నం దిగాడు. కోడికూర తిని పోదామని అతని ఆశ.

"పిలిస్తే వస్తాయి కదత్తా, పట్టరాదా?"

"పిలిచినామంటే గింజలుండాల నాయనా. కత్తి పెట్టుకోని పిలిచేది కాదు. మజ్జిగ తాగి పడుకో."

పాపం, అల్లుడు సాయంత్రం దాకా మజ్జిగతోనే గడిపాడు.

కారియం, అంటే అవ్వ కర్మలు, అయిన మరునాడు బంధువులకు మాంసం పెట్టడం మావాళ్ల ఆనవాయితీ. అవ్వ కొడుకు హోసూరులో పని చేస్తాడు, కోళ్లకు అతను కొత్త. వెంటపడితే ఉన్న ఐదూ ఎగిరి మా మునగచెట్టు ఎక్కాయి. చెమటలు కక్కుతూ నా దగ్గరకు వచ్చాడు.

"అన్నా, నువ్వు పిలిస్తే వస్తాయంట. ఒక తూరి పిలు."

"పొద్దుగూకనీ. గంపలో తీద్దాం."

"పొద్దుగూకేదాకా ఎవరుంటారన్నా? తుంబలహళ్లి వాళ్లు మూడు గంటల బస్సుకు పోవాల. అమ్మ పేరు చెప్పి పిడికెడు కూడు పెట్టకుండా పంపేదా?"

అల్లుడితో అవ్వ అన్న మాట నేను అతనికి చెప్పాల్సింది. చెప్పలేదు. చావు జరిగిన ఇంటి మనిషితో కోడి గురించి వాదించడానికి నోరు రాలేదు. రాగులు తీసుకుని నేల మీద కూర్చుని పిలిచాను. ఐదూ దిగి వచ్చాయి. ఎర్రపెట్ట నేరుగా నా చేతి దగ్గరకే వచ్చింది. అతను వెనక నుంచి గోనెసంచి వేశాడు. ఎర్రపెట్టతో కలిపి రెండు దొరికాయి, మూడు అరుస్తూ కంచె దాటాయి.

ఆ మధ్యాహ్నం నాకూ విస్తరి వేశారు. తిన్నాను.

మిగిలిన మూడింటినీ అతను నాకే వదిలి వెళ్లాడు. ఇప్పుడు అవి నేను పిలిస్తే రావు. రోజూ సత్తుపళ్లెంలో రాగులు పోసి, ఇంట్లోకి వెళ్లి తలుపు చేరవేస్తాను. కాసేపు ఏ చప్పుడూ ఉండదు. తర్వాత పళ్లెం మీద ముక్కులు టకటక పడుతుంటాయి. అది ఆగేదాకా నేను బయటికి రాను.