జనీన్‌కి తక్కువైన రెండు గంటలు

బడి ముందు నల్ల కారువాడితో జనీన్ హాల్‌రాయిడ్ పెట్టుకున్న తగాదాను పక్కింటి ఈనిడ్ మొదటినుంచి చివరిదాకా చూసింది. ఇంగ్లండులోని బర్న్‌లీలో, బడి ఉన్న ఆ వీధి మొత్తానికి ఇంకా రోజూ గడప రాయి రుద్దుకునే ముసలమ్మ ఆమె ఒక్కతే. ఇక ఆమె కంట పడకుండా పోయేదేముంటుంది?

జనీన్ పని పిల్లల్ని రోడ్డు దాటించడం. బండి ఆపకూడదని పసుపు గీతలు గీసినచోటే వాడు బండి ఆపాడు. గుండ్రటి బోర్డున్న కర్ర పట్టుకుని వెళ్ళి తియ్యమంది.

"రెండే నిమిషాలమ్మా. మావాణ్ణి దింపొస్తా."

"అలాగే బాబూ, కానీ."

వాడు తిరిగొచ్చేసరికి జనీన్ సరిగ్గా కారు ముందు నిలబడి పిల్లల్ని దాటిస్తోంది. హారన్ కొట్టాడు.

"ఇంకాస్త గట్టిగా కొట్టు. ఇళ్ళలో లేవనివాళ్ళున్నారు."

ఆఫీసుకు ఆలస్యమవుతోందని వాడు బతిమాలుకునేదాకా వచ్చాడు. ఆఖరి పిల్ల, అదీ బూటు లేసు కట్టుకోవడానికి రెండుసార్లు ఆగిన పిల్ల, దాటేదాకా జనీన్ కదల్లేదు. మర్నాటినుంచి వాడు వీధి చివర బండి ఆపి నడిచొస్తున్నాడు.

అంతటి మనిషిని 2012 జనవరిలో ఒక ఉత్తరం కూలబెట్టింది. రోడ్డు మీదా బడి వంటింట్లోనూ కలిపి వారానికి ఆమెవి పదహారు గంటలు. మొగుడు క్లైవ్‌కి అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని పోయింది. పనిచేసే సంసారాలకు సర్కారిచ్చే ట్యాక్స్ క్రెడిట్‌కి ఇన్నాళ్ళూ ఆ పదహారూ సరిపోయాయి. ఏప్రిల్ నుంచి చాలవట. పిల్లలున్న ఆలుమగలు ఇద్దరూ కలిసి ఇరవై నాలుగు చెయ్యాలి, లేదంటే ఆ సొమ్ము ఆగిపోతుంది. వాళ్ళింట్లో గ్యాసు వెలిగేదీ, ఇద్దరు పిల్లల కాళ్ళకు బూట్లొచ్చేదీ దాంతోనే. ఇంకో ఎనిమిది గంటలు చెయ్యండని లండన్‌లో కూర్చుని రాసినవాళ్ళు, అవి ఏ కొట్లో దొరుకుతాయో మాత్రం రాయలేదు.

జనీన్ వంటింటి పెద్ద గ్లెనిస్‌ను అడిగింది.

"ఈ వారంలో నువ్వు పదకొండోదానివి," అంది గ్లెనిస్ గరిటె దించకుండానే. "ఎక్కణ్ణించి తేను? నాలుగింటికి పిల్లలకు రెండో భోజనం పెట్టమంటావా?"

"పెడితే తింటారు, నువ్వు వండకపోతే."

ఇద్దరూ నవ్వుకున్నారు గాని గంటలు పుట్టలేదు. క్లైవ్ తొక్కని గుమ్మం లేదు. మార్చిలో జనీన్‌కి బింగో ఆడే హాలు తుడిచే పని దొరికింది, వారానికి ఆరు గంటలది. ఇరవై రెండయ్యాయి. ట్యాక్స్ క్రెడిట్ ఆఫీసుకు ఫోన్ చేస్తే, ఇరవై రెండు ఇరవై నాలుగు కాదండీ అన్నాడు అవతలివాడు, ఎంతో మర్యాదగా.

"అది నేను బళ్ళోనే నేర్చుకున్నా నాయనా," అని పెట్టేసింది.

గడువు తొమ్మిది రోజులుందనగా జనీన్ వచ్చి, కోటైనా విప్పకుండా ఈనిడ్ వంటింట్లో కూర్చుంది.

"ఈనిడ్ ఆంటీ, గురువారాలు నీకు నేనేం చేస్తున్నా?"

"సామాన్లు తెస్తున్నావు. కిటికీలు తుడుస్తున్నావు, మరకలు మాత్రం ఎక్కడివక్కడే."

"ఎంతసేపు?"

"నీ నోరు ఆడినంతసేపు. రెండు గంటలు."

అనేశాక గాని ఈనిడ్‌కి మాట ఎటు పోతోందో తట్టలేదు. మిల్లులో నలభై ఏళ్ళు మగ్గాల మధ్య నిలబడ్డ మనిషి. పక్కింటి పిల్ల ప్రేమకొద్దీ చేస్తే అదొక దారి. జీతానికి పనిమనిషిని పెట్టుకోవడం ఆమె వంశంలోనే లేదు.

"నన్ను దొరసానిని చేస్తావుటే? వీధి ఏమనుకుంటుంది?"

"ముసలిదానికి ఓపిక అయిపోయిందనుకుంటుంది."

"దొంగ కాగితాల మీద నేను సంతకం పెట్టను."

"దొంగది నేనడగను. పని చేస్తా, జీతం నిజంగా ఇవ్వు, నిజంగా తీసుకుంటా." జనీన్ మొదటిసారి చూపు దించుకుంది. "కానీ ఆంటీ, ఆఫీసువాళ్ళు ఫోన్ చేసి అడిగితే, కుర్చీ ఎక్కలేకపోతున్నాను, సంచి మొయ్యలేకపోతున్నాను, అందుకే ఈ పిల్లను పెట్టుకున్నాను అని నీ నోటితో నువ్వే చెప్పాలి. చెప్పు ఆంటీ."