లేవి ఇంటి ఇత్తడి పాము

మా నాయన పేరు లేవి. మా చుట్టుపక్కల పది ఊళ్లలో ఎవరికి పాము కరిచినా మొదట వినపడే పేరు అదే. నేను అదే ఊళ్లో పన్నెండేళ్లుగా ఆశ కార్యకర్తను. పాము కరిస్తే నడవనీయకుండా, మంత్రాలూ మాయలూ అనకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకుపోండని ఇంటింటికీ తిరిగి చెప్పేదాన్ని. నేను చెప్పడం ముగించకముందే ఎవరో ఒకరు పళ్లికిలించి, "మీ ఇంట్లోనే పాముల దవాఖానా పెట్టుకోని మాకు చెప్తాండావా స్తుతీ?" అనేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆ మంట ఇంకా ఆరలేదు. కన్నతండ్రి గురించి ఇలాగేనా మాట్లాడేది అని ఎవరికైనా అనిపిస్తే అనుకోనీండి, నాకేం బాధ లేదు.

ముందు ఆ ఇత్తడి పాము సంగతి చెప్పాలి. మా నాయన తాత పాముమంత్రం వేసేవాడు. జానెడు ఇత్తడి నాగపడగకు పసుపూ కుంకుమా పెట్టి, కరిచినవాణ్ణి దాని ముందు కూర్చోబెట్టి, వేపమండతో తల నుంచి కాళ్లదాకా దిగదుడిచేవాడు. తర్వాత మావాళ్లు బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటి చర్చి అయ్యగారు ఆ పడగను ఏట్లో పారెయ్యమన్నాడట. సరేనని తలూపి, గోనెసంచిలో చుట్టి అటక మీద దాచారు. మా నాయన తనకు పద్నాలుగేళ్లప్పుడు ఆదివారం బడిలో మోషే కథ విన్నాడు. ఎడారిలో జనాన్ని పాములు కరుస్తుంటే మోషే ఇత్తడి పామును చేసి కర్ర మీద ఎత్తి నిలబెట్టాడు, దాన్ని చూసినవాళ్లంతా బతికారు. ఇంకేముంది! మా నాయన ఒక్క పరుగున ఇంటికొచ్చి, అటకెక్కి పడగను దించి, చింతపండుతో తోమి, కొయ్య సిలువకు మేకులు కొట్టి బిగించాడు. తీసుకొచ్చి వసారాలో నిలబెట్టాడు. అయ్యగారు వచ్చి కోప్పడితే బైబిలు తెరిచి ఆ వాక్యం చూపించాడు. ఆయన వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

తాత మంత్రంలో నాగరాజు పేరు ఉన్నచోటల్లా యేసయ్య పేరు పెట్టాడు మా నాయన. రాగం మారలేదు, మధ్యమధ్య ఉఫ్ అని ఊదడం మారలేదు, వేపమండ మారలేదు. పసుపునీళ్లు పోయి ప్రార్థన నూనె వచ్చింది. అమావాస్యనాటి పస్తుకు ఉపవాస ప్రార్థన అని పేరు పడింది. మొదట్లో సిలువ ముందు కొవ్వొత్తి ఒక్కటే ఉండేది. కొన్నేళ్లకు ఊదుబత్తి కూడా వచ్చి చేరింది. నేను బైబిలు తిరగేసి, అదే పాము గురించి తర్వాత రాసి ఉన్న మాట పట్టుకుని ఆయన ముందు కూర్చున్నాను.

"ఇదో చూడు నాయనా. జనం ఆ ఇత్తడి పాముకు ధూపమేస్తాండారని హిజ్కియా రాజు దాన్ని ముక్కలు ముక్కలుగా పగలగొట్టించినాడు."

"వాళ్లు ధూపమేసినారు. నేనేస్తాండానా?"

"మరి ఈ ఊదుబత్తి ఏంది?"

"అది దోమలకు" అన్నాడు. కళ్లార్పకుండా అన్నాడు. మా అమ్మ విశ్వాసమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆయన పద్ధతి ఏమిటంటే, కరిచినవాళ్లకు వేపాకు నమిలిస్తాడు. చేదు తెలియకపోతే విషం ఒంట్లో ఉన్నట్టు, మంత్రం వేస్తూనే పోవాలి. చేదు తెలిసిందంటే విషం దిగినట్టు. అప్పటిదాకా ఆయన కూర్చోడు, పచ్చి మంచినీళ్లు ముట్టడు. కాసేపటికోసారి "చేదుగా ఉండాదా?" అని అడుగుతాడు. "ఉండాది" అనగానే చుట్టూ ఉన్న జనం "స్తోత్రం!" అని ఇంటికప్పు లేచిపోయేలా అరుస్తారు.

మా శిక్షణలో డాక్టరమ్మ చెప్పింది, పాముల్లో చాలావాటికి విషమే ఉండదు, ఉన్నవి కూడా కరిచిన ప్రతిసారీ విషం వదలవు అని. అంటే కరిచినవాళ్లలో ఎక్కువమంది ఎవరేమీ చెయ్యకపోయినా బతుకుతారు. ఆ బతికినవాళ్ల ఘనతంతా మా వసారాలోని ఇత్తడిముక్కకు. చచ్చిపోయినవాళ్లకు విశ్వాసం చాలలేదు. ఎంత బాగుందో చూడండి ఏర్పాటు! ఇప్పటి పాస్టరు సుధీర్ అయ్యగారు చదువుకున్నవాడు కదా, ఈయనైనా అడ్డుపడతాడేమో అనుకున్నాను. అడిగితే, "వాక్యంలో ఉన్నదే కదమ్మా, మనమెట్ల కాదంటాము?" అన్నాడు. పాము కాటు నుంచి బతికినవాళ్లు చర్చికి రావడం మొదలుపెడుతుంటే ఆయన మాత్రం ఎందుకు కాదంటాడు?

మా నాయన దొంగ కాదు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. ఆయనకు కావలసింది వేరే. ముప్ఫై ఏళ్ల కిందట ఊరి పెద్దరైతు ఇల్లాలు కృష్ణవేణమ్మకు పాము కరిచింది. ఆ ఇంటి గడప బయట నిలబడి కూలి తీసుకునేవాళ్లం మేము. ఆ రోజు మా నాయనను చెయ్యి పట్టుకుని నడవలోకి తీసుకుపోయి మంచం మీద కూర్చోబెట్టారు. ఆమె బతికింది. "మంచం మీద పాపా, దుప్పటి పరిచిన మంచం" అని మా నాయన వందసార్లు చెప్పి ఉంటాడు. ఆ దుప్పటి కోసమే ఆయన ఇన్నేళ్లూ వేపమండ పట్టుకుని నిలబడ్డాడు. అది తలుచుకుంటే నాకు ఆయన మీద కంటే ఆ ఇంటివాళ్ల మీద ఎక్కువ కోపం వస్తుంది. పాము కరిస్తే తప్ప మనిషిని లోపలికి పిలవరా?

పోయిన ఏడాది శెనక్కాయ పెరికే రోజుల్లో మా అమ్మకు కరిచింది. పొద్దున పదకొండు గంటలకు, పెరికి కుప్పేసిన శెనక్కాయ కట్టెను చేతులతో తీస్తుంటే మణికట్టు మీద కాటు పడింది. నాగుపామే, పక్కనున్న కూలోళ్లు పడగ చూశారు. నేను అంగన్వాడీలో పసిపిల్లల బరువులు చూస్తున్నాను. నాకెవరూ చెప్పలేదు. లేవి భార్యకు పాము కరిస్తే లేవి ఇంటికి కాక ఇంకెక్కడికి తీసుకుపోతారు?

నాకు తెలిసి పరిగెత్తుకు వచ్చేసరికి గంట దాటింది. అమ్మ సిలువ ముందు కూర్చుని ఉంది. నోటి చుట్టూ ఆకుపచ్చ నురగ. మా నాయన చెమటలు కారుతూ వేపమండ దించుతున్నాడు. జనం వసారా నిండా ఉన్నారు.

"చేదుగా ఉండాదా?" అన్నాడు నాయన.

"ఉండాది" అంది అమ్మ. మాట ముద్దగా వచ్చింది.

"స్తోత్రం!" అన్నారు అందరూ. మా నాయన గోడకు ఆనుకుని కూలబడి, చెంబెత్తి నీళ్లు తాగాడు. నేను అమ్మ మొహం చూశాను. రెప్పలు వాలిపోయి ఉన్నాయి. కళ్లు తెరువమ్మా అంటే తలంతా వెనక్కి వంచి చూడబోయింది కానీ రెప్పలు లేవలేదు. దాని అర్థమేమిటో నాకు మూడుసార్లు నేర్పించారు. వెంటనే ఆటో ఈరేష్‌కు ఫోన్ చేశాను.

"యాడికి?" అన్నాడు నాయన లేచి.

"ఆసుపత్రికి. విషం తలకెక్కుతాండాది, కండ్లు చూడు!"

"చేదు తెలిసినాది గదే! అలిసిపోయుండాది, పండుకోనీ." వచ్చి మెట్ల మీద అడ్డం నిలబడ్డాడు. "నా పెండ్లామే ఆసుపత్రికి పోయిందంటే రేపు నా మొగం ఎవురు చూస్తారే?"

"నీ మొగం కాలిపోనీ!" అన్నాను. ఆ మాట ఊరంతా విన్నది. రెండు చేతులతో తోసేశాను. మా నాయన మెట్ల కింద వెల్లకిలా పడ్డాడు. ఒక్కరు కూడా నాకు సాయం రాలేదు, అందరూ ఆయన్ను లేపడానికే పోయారు. నేనూ ఈరేషూ అమ్మను ఎత్తి ఆటోలో వేసుకున్నాం. అమ్మ నా భుజం మీద వాలి, "మీ నాయన మాట ఇను పాపా" అని గొణుగుతోంది. సగం దారిలో ఆ గొణుగుడు కూడా ఆగిపోయింది.

దగ్గరి ఆసుపత్రిలో విషానికి విరుగుడు సూదులు వేసి, గొంతులో గొట్టం పెట్టి, కడప పెద్దాసుపత్రికి పంపారు. నాలుగు రోజులు వెంటిలేటరు మీద ఉంది. ఇంకో పావుగంట ఆలస్యమైతే దారిలోనే పోయేదన్నాడు డాక్టరు. గొట్టం తీశాక, గొంతు పెగిలిన రోజు, నేను అడగకుండానే అమ్మ చెప్పింది.

"నాకు చేదు తెలీలేదు పాపా. నాలుక మీద గడ్డి పెట్టినట్టు ఉండింది."

"మరి ఉండాదని ఎందుకు చెప్పినావే?"

"మీ నాయనకు కాళ్లు వణుకుతాండాయి. పొద్దున గూడా ఏమీ తిన్లేదు. అంతమంది చూస్తాండారు. సొంత పెండ్లానికే దించలేకపోయినాడంటే ఆ మనిషి తట్టుకుంటాడా?"

చచ్చిబతికిన మనిషి మీద అరవకూడదని తెలుసు. అయినా అరిచాను. వార్డులో నర్సు వచ్చి నన్ను బయటికి పంపింది. వరండాలో నిలబడి ఏడ్చాను. కోపంతో వచ్చిన ఏడుపు అది.

అమ్మ ఇంటికొచ్చేసరికి ఊళ్లో కథ తయారైపోయి ఉంది. వేపాకు చేదు తెలిసింది, అంటే విషం అప్పుడే దిగింది, ఆసుపత్రి కేవలం నీరసానికి. వచ్చే ఆదివారం చర్చిలో విశ్వాసమ్మ సాక్ష్యం చెబుతుందని సుధీర్ అయ్యగారు ప్రకటించేశాడు. నేను అమ్మ ముందు కూర్చున్నాను.

"ఉన్నది ఉన్నట్టు చెప్పు. నువ్వు గాని చేదు తెలిసిందని చెప్పినావంటే, రేపు పాము కరిచినోళ్లందర్నీ మన వసారాలోనే కూచోబెడతారు. ఎవురన్నా సచ్చిపోతే ఆ పాపం నీది."

"నిండు సంఘంలో మీ నాయన తల దించమంటావా?" అంది. శనివారం రాత్రిదాకా ఇదే పోరు. ఆదివారం పొద్దున అమ్మకు జడ వేస్తూ కూడా ఏమి చెబుతావే అంటే, "గట్టిగా లాగొద్దే" అంది.

చర్చి నిండిపోయింది. మా నాయన ముందు వరుసలో తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. అమ్మ లేచి నిలబడింది.  మా నాయన వైపు చూడకుండా చెప్పింది.

"నాకు చేదు తెలీలేదు. తెలిసినాదని అబద్ధమాడినా. నన్ను బతికించింది సూదిమందు. దేవుడు నన్ను మన్నించాల, నా పెనిమిటి నన్ను మన్నించాల."

 సుధీర్ అయ్యగారు కంగారుగా పాట ఎత్తుకోబోయాడు. అంతలో వెనక నుంచి ఒక ముసలాయన దగ్గి, "నాకు గూడా తెలీలేదబ్బా అప్పట్లో. లేవి నిలబడలేకుండాడని చెప్పినా" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. ఆడవాళ్ల వైపు నుంచి ఇంకొకామె, "నేనూ అంతే, అందరూ నా నోటికల్లే చూస్తాంటే ఏం చెప్పాల!" అంది. ఈసారి నవ్వు పెద్దదైంది. నాకూ నవ్వొచ్చింది, దేవుడా, నేనూ నవ్వాను.

అప్పుడు జ్ఞానమణి లేచింది. ఆమె మొగుడు గిడ్డయ్య నాలుగేళ్ల కిందట మా వసారా నుంచి నడిచి ఇంటికి పోయి, ఆ సాయంత్రమే చనిపోయాడు. చేదు తెలిసినా చచ్చాడంటే ఏదో రహస్య పాపం ఉండి ఉంటుందని ఆయన సమాధి దగ్గరే మాట్లాడుకున్నారు. జ్ఞానమణి అదంతా విని కూడా మానకుండా చర్చికి వస్తూనే ఉంది.

"మా ఆయనకు గూడా తెలీలేదు" అంది. "నాకు చెవిలో చెప్పినాడు. లేవన్న పొద్దున్నించి నీళ్లు గూడా ముట్టకుండా నిలబడుండాడు, ఆ మనిషిని ఇంకెంతసేపు నిలబెడతావు, ఉండాదని చెప్పు అని నేనే అన్నా. సరేలే అని చెప్పినాడు."

మా నాయన లేచి ఆమె వైపు తిరిగాడు.  "నాకెందుకు చెప్పలేదు జ్ఞానమణీ?"

"నువ్వు అడిగే తీరుకు ఇంకో జవాబు యాడుండాదన్నా?" అంది ఆమె. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

మా నాయన నిలబడే ఉన్నాడు. ఆయన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. నేను ఆయన్ను తిట్టడానికి పన్నెండేళ్లుగా దాచుకున్న మాటలన్నీ ఉన్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు. ఎందుకంటే గిడ్డయ్య పోయిన రోజు ఆ చావు రాసుకోవడానికి జ్ఞానమణి ఇంటికి పోయింది నేనే. ఆమె ఏదో చెప్పబోయింది. నాకు అప్పటికి మా నాయన మీద కోపంతో తల పగిలిపోతోంది. ఆమెను మాట్లాడనీయకుండా రిజిస్టరులో పాము కాటు అని రాసుకుని, వేలిముద్ర వేయించుకుని వచ్చేశాను.