పైడమ్మత్తకు నా నాలుక

శీతాకాలం మొదలవగానే మా కొట్టుకు పచ్చి పసుపు కొమ్ముల బస్తా వస్తుంది. మూతి విప్పగానే ముందు తడిమట్టి వాసన, దాని వెనకాలే కాస్త కర్పూరంలాగా, కాస్త నారింజ తొక్కలాగా ఘాటైన మరో వాసన. నిన్న ఒక కొమ్మును గోటితో గిల్లాను. గోరు పసుపైంది. రెండుసార్లు సబ్బు పెట్టి కడిగినా పోలేదు. పోదని నాకు తెలుసు. టాటానగర్ కాసిడీహ్‌లో ఇరవై ఏళ్లుగా కిరాణాకొట్టు నడుపుతున్నవాణ్ణి, ఏ సరుకు మరక ఎన్నాళ్లుంటుందో ఆ మాత్రం తెలియదా? అయినా ప్రతి ఏడూ గిల్లుతాను. ఆ వాసన తగిలితే చాలు, పైడమ్మత్త మా కొట్టు మెట్టు మీద నిలబడి ముక్కు ఎగబీలుస్తున్నట్టే ఉంటుంది.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. చూసినా గుర్తుంచుకునేంత విశేషం పైకి కనబడేది కాదు. సన్నగా, పొట్టిగా, మోకాళ్ల నొప్పులతో కాస్త పక్కకు ఒరిగి నడిచే మనిషి. భర్త టాటానగర్ రైల్వేలో ఫిట్టరు. మా కొట్టు వెనక వాటాలో అద్దెకుండేవాళ్లు. వరసకు ఏమీ కాకపోయినా, మా నాన్న ఆమెను చెల్లెమ్మా అనేవాడు కాబట్టి నాకు అత్త. మా కొట్టు మొత్తం భయపడే ఖాతాదారు ఆమె ఒక్కతే. లోపలికి కూడా వచ్చేది కాదు. మెట్టు మీంచే, "ఒరే సావుకారూ, ఆ మూల డబ్బాలో దనియాలు నిరుటివి కదరా?" అనేది. నిజమే, నిరుటివే. పైన కొత్తవి పోసి కింద పాతవి ఉంచింది నేనే. ఆ ముక్కు పది అడుగుల దూరం నుంచి డబ్బా అడుగుదాకా వెళ్లేది.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథ అర్థం కాదు. మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు బేరం వచ్చేది. పొద్దున్నే సాక్చీ బజారులో టోకున కొనేటప్పుడు కందిపప్పును అరచేతిలో పోసుకుని, పాపం, అది చేయని పాపమంటూ లేనట్టు తిట్టేవాణ్ణి. నలక, పురుగు, చెమ్మ. పది గంటలకు అదే పప్పు మా కొట్టులోకి వచ్చేసరికి బంగారమైపోయేది. అలా పెరిగిన నాలుక నాది. కొనేటప్పుడు ఛీ, అమ్మేటప్పుడు ఆహా. మధ్యలో ఒక సరుకు నిజంగా ఎలా ఉందో చెప్పే అవసరం దానికి ఎన్నడూ రాలేదు.

అత్త భర్తకు షుగరొచ్చినప్పుడు, పచ్చి కూరలు తినమన్నాడు డాక్టరు. కీరా, ముల్లంగి, కేరట్, కేబేజీ సన్నగా తరిగి పెడితే ఆయన పళ్లెం తోసేశాడు. "నానేటి పశువునా?" అన్నాడట. "పశువైతే సెప్పిన మాట ఇనీది" అందట అత్త. అని ఊరుకోలేదు. ఆ గడ్డి మీద ఏం పోస్తే ఈ మనిషి తింటాడా అని నెలరోజులు రకరకాలుగా కలిపి చూసింది. చివరికి కుదిరింది. నానబెట్టిన ఆవాలు, ఉప్పు, ఒక పచ్చిమిరపకాయ రోట్లో నూరేది. మిక్సీలో వేస్తే వేడెక్కి చేదొస్తాయని ఒప్పుకునేది కాదు. అందులో తురిమిన పచ్చి పసుపు, నిమ్మరసం, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, గోరంత బెల్లం. ఆ పైన నువ్వులనూనె చుక్క చుక్కగా వేస్తూ చిన్న కవ్వంతో చిలికేది. నీళ్లనీళ్లగా ఉన్నది చూస్తూండగానే చిక్కబడి, ఉదయపు ఎండ రంగులో చెంచాకు పట్టుకునేది. వారం తిరక్కుండా ఆయన ముల్లంగి ఇంకా ఉందా అని అడిగాడు. ఊళ్లో డాక్టరమ్మ ఒకావిడ రుచి చూసి, "దీన్నే సలాడ్ డ్రెస్సింగ్ అంటారు" అంటే అత్త ఆశ్చర్యపోయింది. "డ్రెస్సింగంటే దెబ్బకి కట్టేదనుకున్నాను. పోన్లే, పసుపు రెండింటికీ పనికొత్తాది."

ఆయన గుండెజబ్బుతో పోయాక, చుట్టుపక్కల షుగరున్నవాళ్లు అడిగితే అత్త మధ్యాహ్నం డబ్బాలు కట్టడం మొదలుపెట్టింది. తొమ్మిది ఇళ్లు. మొలకెత్తిన పెసలు, పచ్చి కూరలు ఒక డబ్బాలో, పసుపు పులుసు వేరే చిన్న స్టీలు డబ్బాలో. దాన్ని పులుసనే అనేది. ఆమె బతుకు, ఆమె పరువు, రెండూ ఆ చిన్న డబ్బాలో ఉండేవి.

ఆ తర్వాత ఊరంతా జ్వరాలు తిరిగిన ఏడాది వచ్చింది. అత్తకూ వచ్చి తగ్గింది. ఒకరోజు ఇంగువ అడిగింది. నేను ధ్యాస ఎక్కడో పెట్టి శొంఠిపొడి డబ్బా మూత తీసి చూపించాను. ముక్కు దగ్గర పెట్టుకుని, "బాగుందిరా, కట్టు" అంది. ఇంగువకీ శొంఠికీ తేడా పసిపిల్లాడికి కూడా తెలుస్తుంది.

"అత్తా, ఇది శొంఠి."

ఆమె చుట్టూ చూసింది. కొట్టులో ఎవరూ లేరు. "వాసన పోనాదిరా. రుచీ నేదు. నెలలైపోనాది" అంది నెమ్మదిగా. "ఎవరికీ సెప్పకు. తెలిస్తే డబ్బాలెవులు కొంటారు?"

ఇన్ని నెలలుగా డబ్బాలు వెళ్తూనే ఉన్నాయి. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎలా చేస్తున్నావని అడిగితే మర్నాడు పొద్దున్న రమ్మంది. వెళ్లి ఆమె వంటింటి గడప మీద కూర్చున్నాను. అత్త కళ్లు మూసుకుని చిలుకుతోంది. "ఇను" అంది. మొదట చప్పుడు పలుచగా చటచటమంది. కాసేపటికి మెత్తగా తపతపమంది. "ఇదిగో, ఇప్పుడు కలిసింది" అంటూ కళ్లు తెరవకుండానే నూనె ఆపేసింది. చెంచా వెనక వేలితో గీత గీసింది. గీత కలిసిపోకుండా నిలిచింది. నిమ్మకాయ ఎంత పుల్లనో దాని తొక్క బిగువును బట్టి చెప్పింది. పసుపు ఎంత ముదిరిందో విరిచినప్పుడు వచ్చే చప్పుడును బట్టి చెప్పింది. ముక్కూ నాలుకా రెండూ మూసుకుపోయిన మనిషి చెవులతోనూ వేళ్లతోనూ వంట చేస్తోంది. సరుకుల మధ్యే పుట్టి పెరిగిన నేను ఆ పూట మొదటిసారిగా ఒక నిమ్మకాయను సరిగ్గా పట్టుకున్నాను.

"ఉప్పొక్కటే చెవికి ఇనబడదురా" అంది. "రోజూ పొద్దున్నే ఒక చుక్క నాలిక మీద వేసుకుని సెప్పు."

"నా నాలుకా! అత్తా, ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా?"

"దొరికితే నిన్నడుగుతానా?"

మొదటిరోజు "బాగుంది" అన్నాను. గరిటెతో కొట్టినంత పని చేసింది. "బాగుందన్నది రుచేట్రా? ఉప్పెంత? పులుపు ముందొచ్చిందా, ఎనకొచ్చిందా? ఆవ ముక్కుకెక్కిందా, గొంతులో ఆగిందా?" నాకేం తెలుసు? వారం రోజులు తడుముకున్నాను. తర్వాత మెల్లగా నోట్లో ఒక దారి కనబడసాగింది. ముందు ఉప్పు, వెంటనే నిమ్మ, పక్కనుంచి బెల్లం, వెనకాలెక్కడో మట్టివాసనతో పసుపు, అన్నిటికీ చివర మిరియం. ముప్పై అయిదేళ్లుగా తింటున్నాను గాని ఆ దారిలో ఎప్పుడూ నడిచింది లేదు.

ఇక్కడే నా ఘనకార్యం వస్తుంది. ఈ ఊళ్లో ఎవరింటికెళ్లినా ఆవనూనె. నువ్వులనూనె కొనేది మన తెలుగిళ్లవాళ్లే, వాళ్లూ తక్కువే. అందుకని ఆ డబ్బా నా దగ్గర చాలాకాలం కూర్చునేది. ఒక వేసవిలో కూర్చోవలసినదానికంటే ఎక్కువే కూర్చుంది. ఆ పొద్దున అత్త అందించిన చెంచా నోట్లో పెట్టుకోగానే నాకు తెలిసిపోయింది. పాతబడ్డ నూనె కంపు, గొంతును గీసుకుంటూ దిగే చేదు. నూనె నా కొట్టుదే. ఇంకా సగం డబ్బా ఉంది.

"ఎలాగుంది?" అంది అత్త.

"బాగుంది."

"నిజంగానా?"

"నిజంగా, అత్తా."

చెప్పేటప్పుడు మాట తడబడలేదు. ఎలా తడబడుతుంది, పుట్టినప్పటినుంచీ సాధన చేసినవాణ్ణి!

సాయంత్రానికి తొమ్మిది డబ్బాలూ తిరిగొచ్చాయి. చిన్న డబ్బాల్లో పులుసు పోసింది పోసినట్టే ఉంది. సిద్ధగోరాలో ఉండే సన్యాసిరావుగారని, రిటైరైన క్రేను ఆపరేటరు, షుగరు మాత్ర వేసుకుని, కంపుకొడుతున్న డబ్బా పక్కన పెట్టేసి, ఇంకేమీ తినకుండా ఉండేసరికి కళ్లు తిరిగి కూలబడ్డాడని కూడా తెలిసింది. పక్కింటివాళ్లు చక్కెర నీళ్లు పట్టించారట.

మర్నాడు అత్త కొట్టుకు వచ్చింది. మొహంలో ఏమీ లేదు. "రా, సంచీ పట్టుకో. ఇళ్లకి ఎల్లాల" అంది. నేను సంచీ పట్టుకున్నాను. సహాయం చెయ్యడానికి కాదు, నా పేరు ఎక్కడ బయటపెడుతుందో విని, వెంటనే అడ్డుపడదామని.

మొదటి గుమ్మంలో నిలబడి చెప్పింది. "అమ్మా, నాకు వాసన, రుచి పోయి నెలలైంది. మీకు సెప్పనేదు. సెప్తే మానేత్తారని బయం. నిన్న పులుసు పాడైంది, నాకు తెలీనేదు. తప్పు నాది. ఇప్పుడు మీకు తెలిసింది. డబ్బా కావాలో వొద్దో మీ ఇట్టం."

అంతే. నూనె మాట లేదు. నా మాట లేదు. రెండో గుమ్మంలో అదే, మూడో గుమ్మంలో అదే. హిందీవాళ్ల ఇంట్లో తన హిందీలో, "బేటీ, మేరా నాక్ బంద్ హై" అని ముక్కు మీద వేలు పెట్టి చూపించింది. ఒకావిడ జాలిపడింది. ఒకాయన, "ఇన్నాళ్లూ మమ్మల్ని మోసం చేశావా?" అని గట్టిగా అరిచాడు. అత్త తల వంచుకోలేదు, ఏడవలేదు. "అవును బాబూ" అంది. ఎనిమిది గుమ్మాలు. ప్రతి చోటా ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అని కాచుకుని ఉన్నాను. ఆమె అనలేదు. తన దగ్గరున్నదంతా అడక్కుండానే ఎదుటివాడి ముందు పెట్టేసి, వాళ్లేమిస్తే అది తీసుకుని మెట్లు దిగే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. మా వీధిలో అలాంటి బేరం లేదు.

ఆటోలో సిద్ధగోరా వెళ్లాం. సన్యాసిరావుగారు కుర్చీలో నీరసంగా ఉన్నాడు. అత్త మొదలుపెట్టింది. "బాబూ, నాకు వాసన..."

"నూనె నాది" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"నూనె నా కొట్టుది. పాతది. నిన్న పొద్దున్న నేను రుచి చూశాను. తెలిసింది. తెలిసే బాగుందన్నాను."

సన్యాసిరావుగారు నన్ను పైనుంచి కిందకు చూశాడు. "ఓరి నీ... నానింకా ముసల్దానికి మతి పోయిందనుకున్నాను. ఒరే, మీ తాతా ఇంతేరా. గాని ఆడు ఒప్పుకునీవోడు కాదు." కాసేపు ఊపిరి తీసుకుని, "పైడమ్మా, రేపటినుంచి డబ్బా పంపు. గాని ముందు ఈడి చేత తినిపించి, ఈడు నిలబడుంటేనే పంపు" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు అడిగాను. "నూనె అని నీకు తెలుసా, అత్తా?"

"మారింది అదొక్కటే కదరా. ఆవాలు, నిమ్మకాయలు మొన్నటివే."

"మరి చెప్పలేదేం?"

"నాలిక నీది. నాను సెప్తే ఏటి లాభం?" అని బయటకు చూసింది. ఆటో దిగుతూ, "తొమ్మిది గుమ్మాలు పట్టింది నీకు. మోకాళ్లు పోనాయి నాకు" అంది.

నూనె డబ్బా ఆ సాయంత్రమే పారబోశాను. మూడిళ్లవాళ్లు డబ్బా మానేశారు. మిగిలినవాళ్లకు మర్నాడు మళ్లీ కట్టాలి. పొద్దున్నే వెళ్లి గడప మీద కూర్చున్నాను. కొత్త నూనె, కొత్త నిమ్మకాయలు. అత్త కళ్లు మూసుకుని చిలికింది. చప్పుడు మెత్తబడింది. గీత నిలిచింది. చెంచా నా చేతికిచ్చింది. ఎలాగుందని అడగలేదు.

ఉప్పు సరిపోయింది. నిమ్మ సమయానికి వచ్చింది. అంతా దాటాక, చిట్టచివర, దారంలాగా ఏదో. అప్పటికే తొమ్మిది గంటలు దాటింది. ఇళ్లలో జనం మాత్రలు వేసుకునే వేళ దగ్గరపడుతోంది. మళ్లీ మొదటినుంచీ చెయ్యాలంటే ఆ మోకాళ్లతో ఆమె మళ్లీ రోటి ముందు కూర్చోవాలి.

"చేదు" అన్నాను. "ఆవ ఎక్కువ నలిగినట్టుంది, అత్తా. కొంచెమే."

ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. గిన్నె ఎత్తి, మొత్తం తూములో ఒంపేసి, రోలు దగ్గరకు లాక్కుంది.

ఆ తర్వాత రెండేళ్లు, ఆమె పోయేదాకా, ఒక్క పూట కూడా ఆమెకు రుచి తిరిగి రాలేదు. డబ్బాలు మాత్రం తొమ్మిది దాటి పద్నాలుగయ్యాయి. సన్యాసిరావుగారు ఊరంతా చెప్పాడు కాబోలు, ముక్కు లేని మనిషి వంట, అబద్ధాలకోరు నాలుక అని. జనం చూడ్డానికే కొన్నారు, తిన్నాక మానలేదు.

ఇప్పుడు నాకూ షుగరుంది. పులుసు నేనే చిలుక్కుంటాను. నా చెవికి ఆ చప్పుడు సగం రోజులు దొరుకుతుంది, సగం రోజులు దొరకదు. వ్యాపారం సంగతంటారా, బేరం ఇప్పటికీ ఆడతాను, అది రక్తంలో ఉంది. కాని ఎవరైనా సరుకు ఎలా ఉందని అడిగితే జవాబు వెంటనే రాదు. మొన్న ఒకావిడ వేరుశెనగ గుళ్లు చూపించి, "భయ్యా, అచ్ఛా హై?" అంది. రెండు నోట్లో వేసుకున్నాను. నమిలాను. ఆవిడ ఎదురుచూస్తోంది. "చివర కొంచెం కంపు తగులుతోంది, దీదీ" అన్నాను. ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి ఎదురుకొట్టుకు వెళ్లిపోయింది. నేను మరో రెండు నోట్లో వేసుకున్నాను, ఒకవేళ తప్పు చెప్పానేమోనని. తప్పేం లేదు.