వెనక్కి పిలవలేదు

వర్ని ఊరి అవతలి అడవిగుట్టకు దారి చూపే మనిషిని కాదనుకుని, వీపున సంచి వేసుకుని ఒక్కణ్ణే ఎక్కాను. తెలివితక్కువ పనే. కానీ ఎంత పద్ధతిగా చేశానో వింటే మీరే మెచ్చుకుంటారు.

గుట్ట కింది ఊళ్లో ఆ దారి చూపే పెద్దమనిషి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పైకి తీసుకుపోయి వదిలి, మర్నాడు పొద్దున మళ్లీ వచ్చి కిందికి తీసుకొస్తాడట.

"మూడు నూర్లు సార్."

"దిగనీకి కూడా పైసలేంది అన్నా? ఎక్కినోడు దిగడా? నూట యాభై."

"గంతకైతే నేను ఇంట్ల పంటెనే నయం."

నేను సంచి సర్దుకుని నడక మొదలుపెట్టాను. బోధన్‌లో మాది బట్టల దుకాణం. బేరం కుదరక మెట్లు దిగిన గిరాకీని మా బాపు పదడుగులు దాటనిచ్చేవాడు కాదు. "అక్కా, ఇగో, నీ మాటే కానియ్, రా" అని పిలిచేవాడు. ఆ పిలుపు ఎన్నో అడుగుకు వస్తుందో గల్లాపెట్టె పక్కన కూర్చుని నేర్చుకున్నవాణ్ణి. ఏడో అడుగుకు నడక నెమ్మది చేశాను. పదో అడుగుకు చెప్పులో రాయి పడ్డట్టు నటించి వంగాను. పన్నెండో అడుగుకు ఓరగా చూస్తే ఆయన బీడీ ముట్టించుకుని ఎవరితోనో వానల గురించి మాట్లాడుతున్నాడు.

తనంతట తాను తిరిగొచ్చిన గిరాకీ అడిగినంతా ఇచ్చుకోవాలి. అది మా దుకాణంలో రూలు. అందుకని తిరగలేదు. గుట్ట ఎక్కాను.

తర్వాత జరిగింది నిజంగా నడిచానో, నిద్రలో నడిచానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. టేకుచెట్లు ఆకు రాల్చేసి నిలబడి ఉన్నాయి. కాలు పెట్టిన చోటల్లా ఎండుటాకు అప్పడంలా విరిగేది. కాసేపటికి ఆ చప్పుడు నాది కాదనిపించింది, ఎవరో నాతోపాటు నడుస్తున్నట్టు. ఆగితే వాళ్లూ ఆగేవారు. మోదుగ పూలు రాలి బండల సందుల్లో నిప్పుల్లా ఉన్నాయి. ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని చాలా దూరం నడిచాను, ఎక్కడ పారేశానో గుర్తులేదు.

పైన చదునైన బండ ఉంది. సంచికి ఆనుకుని కూర్చున్నాను. ఒకవైపు కాలువ మెరుస్తూ, దాని వెంట యాసంగి వరి పచ్చగా. బోధన్ వైపు చెరుకు చేలలో ఆకు కాలుస్తున్న పొగ నేలను అంటిపెట్టుకుని పాకుతోంది. దేన్ని చూసినా ఎంతకొస్తుందని లెక్కకట్టే మనిషిని. ఆ సాయంత్రం ఏదీ ధర చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎండ పసుపు నుంచి గులాబీకి, గులాబీ నుంచి బూడిద రంగుకు మారుతుంటే, బాపు గిరాకీ ముందు తానులు ఒక్కొక్కటే విప్పుతున్నట్టుగా చూస్తూ ఉండిపోయాను. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

పొద్దున తీపి వాసనకు మెలకువ వచ్చింది. గాలి మొత్తం నానబెట్టిన కిస్మిస్ వాసన. దిగడమే కదా అని మిగిలిన నీళ్లన్నీ చాయ్‌కి పోసేశాను. ఆ వాసన పట్టుకుని దిగడం మొదలుపెట్టాను.

ఎక్కేటప్పుడు అన్ని దారులూ పైకే పోతాయి. దిగేటప్పుడే ఒక్కోటి ఒక్కో దిక్కుకు పోతుంది. గంట తర్వాత నేనొక ఎండిపోయిన వాగులో ఉన్నాను. ఇంకో గంటకు అదే వాగులో, అదే బండ ముందు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. నాలుక అంగిలికి అతుక్కుంటోంది. నీళ్లు లేకుండా మధ్యాహ్నం ఎండలో ఇక్కడే తిరిగితే ఏమవుతుందో ఆలోచించడానికి భయమేసి, మళ్లీ వాసన వైపే పైకి ఎక్కాను.

ఆ వాసన ఇప్పపూలది. చెట్ల కింద నేలంతా ఊడ్చి ఉంది. దాని మీద లేతపసుపు పూలు ముత్యాల్లా పడి ఉన్నాయి. ఒక అవ్వ వంగి ఏరుతోంది. గంప సగమైంది.

"ఎవలు బిడ్డా? గంత మూటేంది, అంగడి పెడ్తవా గిక్కడ?"

"దారి తప్పిన అవ్వా. నీళ్లు ఒడిసినయి."

తడిబట్ట చుట్టిన సీసా అందించింది. "మెల్లగ తాగు. నీళ్లు యాడికి పోతలెవ్వు."

"ఎట్ల దిగాలె?"

"చెప్తె నీకు సమజ్ గాదు. వాగులకే పోతవు." చెట్ల పైకి ఒకసారి చూసింది. పూలు ఇంకా టపటపా రాలుతున్నాయి. గంప చెట్టు మొదట్లో పెట్టి, కొంగు నడుముకు దోపుకుంది. "నడువు."

ముందు ఆమె, వెనక నేను. ఆమె అడుగుల కింద ఆకు చప్పుడే కాలేదు. నీడలు, ఎండ, నీడలు. దాహం తీరాక నాకు మళ్లీ ఆ కలలాంటి తేలిక వచ్చింది, ఈ నడక ఇలాగే సాగితే బాగుండుననిపించింది. ఊరు కనబడే మలుపు దగ్గర మేకల మంద ఒకటి గంటలు మోగిస్తూ మాకు ఎదురుగా పైకి వెళ్లింది.

"మీ మేకలా అవ్వా?"

"నావెక్కడియి! నా పువ్వు తిననీకి పోతున్నయి."

పొద్దెక్కితే మేకలు వస్తాయని, అందుకే తెల్లారకముందే వచ్చి ఏరుతారని అప్పుడు చెప్పింది, నవ్వుతూనే. "ఎంతియ్యాలె?" అని అడిగాను.

"నీ ఇష్టం బిడ్డా."

ఎంత చెప్పినా సగానికి దించగలను. ఏమీ చెప్పని మనిషితో ఎలా మాట్లాడాలో నాకెవరూ నేర్పలేదు. జేబులో ఒక ఐదువందల నోటు, రెండు వందనోట్లు ఉన్నాయి. వేళ్లు వాటంతట అవే వందనోట్లను పట్టుకున్నాయి. ఆమె చూడకుండానే కొంగున కట్టుకుని గబగబా పైకి వెళ్లిపోయింది.

ఆమెవి: ఒక సీసా నీళ్లు, గంటన్నర దారి, మేకలు తిన్న సగం గంప పువ్వు. నావి: రెండు వందలు. ఐదువందల నోటు జేబులోనే ఇంటికి చేరింది.